తలకిందుల ఆసనాలు – ముందు దిగడం నేర్చుకుందాం



మన హాస్టల్ వార్షికోత్సవం అంటే కోలాటం, ఏకపాత్రాభినయం, చివర్లో యోగాసనాల ప్రదర్శన ఉండి తీరాలి. ఎన్ని ఆసనాలు వేసినా అందరి కళ్లూ ఒక్క శీర్షాసనం మీదే ఉంటాయి. కాళ్లు పైకి లేవగానే చప్పట్లు మోగిపోతాయి. ఈసారి మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి చెల్లెళ్లు మమ్మల్ని చుట్టుముట్టారు. "అక్కా, శీర్షాసనం నేర్పించి పోండి, వార్షికోత్సవంలో వేస్తాం" అని అడిగారు. ఒక్క పూటలో నేర్పేది కాదని చెప్పాము. వాళ్ల ముఖాలు చిన్నబోయాయి. ఆ రోజు చెప్పలేకపోయిన పాఠాన్ని ఈ సంచికలో వివరంగా రాస్తున్నాము.

మేము అంటే రూం నంబరు 4లో అయిదేళ్లు కలిసి ఉన్న నలుగురం. మా నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటివాళ్లం మేమే. మాలో జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసిన వారి చేత ఈ వ్యాసం రాయిస్తున్నాం. అనుభవం మాత్రం నలుగురిదీ. మేము యోగా గురువులం కాము. ఒకసారి తప్పుగా నేర్చుకుని, దెబ్బ తిని, మళ్లీ మొదటి నుంచి సరిగ్గా నేర్చుకున్న విద్యార్థినులం.

మేము చేసిన తప్పు

2017 డిసెంబరు. మేము తొమ్మిదో తరగతి. ఆ ఏడాది వార్షికోత్సవంలో ఎలాగైనా శీర్షాసనం వేయాలని పట్టుబట్టాం. గోడకు వేలాడే ఆసనాల చార్టు చూసి, ఎవరికీ చెప్పకుండా, రాత్రి స్టడీ అవర్ అయిపోయాక రూంలోనే మొదలుపెట్టాం. కింద జంపఖానా, చుట్టూ మా ట్రంకు పెట్టెలు. మాలో ఒకామె తల నేలకు ఆనించి కాళ్లు విసిరింది. ఇంకొకరు ఆమె మడమలు పట్టుకున్నారు. అంతలో కరెంటు పోయింది. పట్టుకున్న చేతులు భయంతో వదిలేశాయి. ఆమె పక్కకు ఒరిగి ట్రంకు పెట్టె మీద పడింది.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. అదృష్టం కొద్దీ ఎముక విరగలేదు, కండరం బెణికింది. పది రోజులు మెడకు పట్టీ. రెండు పరీక్షలు రాయలేకపోయింది. అవి పత్తి తీతల రోజులు. వాళ్లమ్మ నాలుగు రోజుల కూలి వదులుకుని బస్సెక్కి వచ్చింది. మమ్మల్ని ఒక్క మాట కూడా తిట్టలేదు. కూతురి మెడ నిమురుతూ, "మోపు నెత్తికెత్తుకునే ముందే యాడ దించాల్నో సూసుకోవాలె బిడ్డా" అన్నది. అప్పుడు మాకు ఆ మాట అర్థం కాలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు మా నలుగురిలో ఎవరమూ తలకిందుల ఆసనం జోలికి పోలేదు. చార్టులో ఆ బొమ్మ చూసినా మెడలో ఏదో లాగినట్టు ఉండేది.

డిగ్రీ రెండో సంవత్సరంలో మా కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ మేడం మమ్మల్ని మళ్లీ మొదటి మెట్టు నుంచి తీసుకెళ్లారు. ఆమె నేర్పిన మొదటి సూత్రమూ ఆ అమ్మ చెప్పిన మాటే: ఎలా దిగాలో తెలియని ఆసనంలోకి ఎక్కకూడదు. ఈ వ్యాసమంతా ఆ సూత్రం చుట్టే తిరుగుతుంది.

విలోమాసనాలు అంటే ఏమిటి?

గుండె కంటే తల కిందికి వచ్చే ఆసనాలన్నీ విలోమాసనాలే. శీర్షాసనం ఒక్కటే కాదు. కుక్క ఒళ్లు విరుచుకున్నట్టు ఉండే అధోముఖ శ్వానాసనం, వంతెన లాంటి సేతుబంధాసనం, గోడకు కాళ్లు చాపి పడుకునే విపరీతకరణి, భుజాల మీద నిలిచే సర్వాంగాసనం, నాగలి ఆకారంలో ఉండే హలాసనం, అన్నీ ఈ కుటుంబంలోవే. కనుక "నాకు విలోమాసనం రాదు" అని ఎవరూ అనుకోనక్కర్లేదు. వంగి నేల మీద అరచేతులు ఆనించిన వారు ఇప్పటికే మొదటి మెట్టు దగ్గర ఉన్నట్టే.

ఇవి కొత్తవి కావు. 15వ శతాబ్దానికి చెందిన 'హఠయోగ ప్రదీపిక'లో విపరీతకరణి గురించి ఉంది. తల కిందికి, కాళ్లు పైకి పెట్టే ఈ సాధనను మొదటి రోజు క్షణకాలమే చేసి, రోజురోజుకు కొంచెం కొంచెంగా పెంచమని ఆ గ్రంథం చెబుతుంది. అయిదు వందల ఏళ్ల క్రితమే తొందర వద్దన్నారన్నమాట. జవహర్‌లాల్ నెహ్రూ తన ఆత్మకథ (1936)లో జైలు రోజుల శీర్షాసన సాధన గురించి రాశారు.

మనం గుర్తుంచుకోవాల్సిన పేరు బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014). కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టిన ఆయన చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయలతో బాగా బక్కచిక్కి ఉండేవారు. మైసూరులో తన బావగారు తిరుమలై కృష్ణమాచార్య దగ్గర యోగా నేర్చుకున్నారు. తర్వాత తాను నేర్పేటప్పుడు గోడ, కుర్చీ, తాడు, మడత దుప్పట్లను సాధనాలుగా వాడారు. బలహీనులు, వృద్ధులు కూడా ఆసనం వేయగలగాలన్నదే ఆయన ఉద్దేశం. కనుక గోడ పట్టుకోవడం నామోషీ అని అనుకోవద్దు. గోడ కూడా గురువే.

భయం ఎందుకు వేస్తుంది?

భయపడితే పిరికివాళ్లమని మేము అనుకునేవాళ్లం. శరీర ధర్మశాస్త్రం చదివాక అది పొరపాటని తెలిసింది.

మన లోపలి చెవిలో ఓటోలిత్‌లు అనే అతి సూక్ష్మమైన సున్నపు రేణువులు ఉంటాయి. తల వంగినప్పుడు అవి బరువుకు జరిగి, కింది దిక్కు ఏదో మెదడుకు తెలియజేస్తాయి. పుట్టినప్పటి నుంచి మెదడు తల పైన, కాళ్లు కింద ఉన్న లోకానికే అలవాటు పడింది. ఒక్కసారిగా తలకిందులైతే చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఒకటి చూపిస్తుంది, కాళ్లకు నేల తగలదు. మెదడు వెంటనే ప్రమాద ఘంట మోగిస్తుంది. గుండె దడ, చెమట, ఊపిరి బిగపట్టడం దాని ఫలితమే. అంటే భయం మన శత్రువు కాదు. కొత్త పరిస్థితిని గుర్తించి హెచ్చరిస్తున్న కాపలాదారు.

కాపలాదారును తిట్టి నోరు మూయించలేం. రోజూ అదే దారిలో, అదే వేళకు, కొంచెం కొంచెంగా వెళ్తుంటే మనల్ని గుర్తుపట్టి ఊరుకుంటాడు. విలోమాసనాల్లో ధైర్యం వచ్చే పద్ధతి కూడా అదే. పంతం పట్టి ఒక్కరోజు కాళ్లు విసిరితే ధైర్యం రాదు. పడితే ఉన్న ధైర్యం కూడా పోతుంది. దానికి మేమే సాక్ష్యం.

అపోహలు – నిజాలు

శీర్షాసనం వేస్తే మెదడుకు రక్తం ఎక్కువగా వెళ్లి జ్ఞాపకశక్తి పెరుగుతుందని, ర్యాంకులు వస్తాయని, జుట్టు ఊడదని మనలో చాలామంది నమ్ముతారు. మేమూ నమ్మాం. కానీ మెదడు తనకు కావాల్సిన రక్తాన్ని తానే క్రమబద్ధం చేసుకుంటుంది. రక్తపోటు కొంత మారినా మెదడులోని రక్తనాళాలు సన్నబడి, వెడల్పై ప్రవాహాన్ని దాదాపు నిలకడగా ఉంచుతాయి. తలకిందులుగా నిలబడితే పాఠం గుర్తుండదు. చదివితేనే గుర్తుంటుంది.

మరి లాభం ఏమిటి? భుజాలకు, వీపుకు, పొట్ట కండరాలకు బలం వస్తుంది. నిలకడ అలవడుతుంది. రోజంతా నిలబడిన, నడిచిన కాళ్లలో నిలిచిన రక్తం, ద్రవం సులువుగా వెనక్కు వస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, భయం వేసినప్పుడు ఊపిరి వదలకుండా, ఆలోచన పోగొట్టుకోకుండా ఉండటం అలవాటవుతుంది.

నష్టాలు కూడా తెలియాలి. నిటారుగా ఉన్నప్పుడు మెడ మోసేది నాలుగైదు కిలోల తలను మాత్రమే. అమెరికాలోని టెక్సాస్‌లో 45 మంది అనుభవం ఉన్న సాధకులను పరీక్షించినప్పుడు, శీర్షాసనంలో శరీర బరువులో సుమారు 40 నుంచి 48 శాతం వరకు తల మీద పడుతున్నట్టు తేలింది. అంటే 50 కిలోల అమ్మాయికి 20 నుంచి 24 కిలోలు. మన వంటగదిలోని 50 కిలోల బియ్యం బస్తాలో దాదాపు సగం. మన అమ్మలు అంత బరువు గడ్డిమోపు నెత్తిన మోస్తారు, నిజమే. కానీ వాళ్లు చుట్టకుదురు పెట్టుకుంటారు, పక్కన మనిషి చేయి వేస్తేనే ఎత్తుకుంటారు, మెడ అటూఇటూ తిప్పరు. అది ఏళ్ల తరబడి చేసిన సాధన. చార్టు చూసి ఒక్క రాత్రిలో రాదు.

కళ్ల సంగతి కూడా చెప్పాలి. చెన్నైలోని శంకర నేత్రాలయ వైద్యులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో శీర్షాసనం వేసినప్పుడు కంటిలోని ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతున్నట్టు కనుగొన్నారు. ఆరోగ్యమైన కంటికి కాసేపటికి ఇది సర్దుకుంటుంది. గ్లకోమా ఉన్న కంటికి ప్రమాదం.

ఎవరు వేయకూడదు?

1. అధిక రక్తపోటు, గుండె జబ్బు, గ్లకోమా, రెటీనా సమస్య, మూర్ఛ ఉన్నవారు. నలభై దాటిన అక్కలు ముందు బి.పి. చూపించుకోవాలి.
2. మెడనొప్పి, మెడ ఎముకల అరుగుదల, తలకు ఈ మధ్య దెబ్బ తగిలినవారు.
3. చెవిలో చీము, విపరీతమైన జలుబు ఉన్నవారు తగ్గేదాకా ఆగాలి.
4. గర్భిణులు డాక్టరును అడగకుండా ఏ విలోమాసనమూ కొత్తగా మొదలుపెట్టకూడదు.
5. లేచి నిలబడితే కళ్లు తిరిగే చెల్లెళ్లు. మనలో చాలామందికి రక్తహీనత ఉంటుంది. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేసేవాళ్లం మేము. మీరు ఆ పని చేయకండి. ముందు రక్తపరీక్ష, తర్వాత శీర్షాసనం.
6. అయిదు, ఆరు తరగతుల చిట్టి చెల్లెళ్లకు కింద చెప్పిన మొదటి రెండు మెట్లు చాలు.

నెలసరి రోజుల గురించి సిగ్గుపడి ఎవరూ అడగరు, అందుకే మేమే చెబుతున్నాం. చాలామంది గురువులు ఆ రోజుల్లో విలోమాసనాలు వద్దంటారు. దీన్ని మైలగా భావించకండి. నడుము నొప్పి, నీరసం ఉన్న రోజు ఒంటికి విశ్రాంతి ఇవ్వడంలో తప్పు లేదని మాత్రమే గుర్తుంచుకోండి.

సాధనకు ముందు ఏర్పాట్లు

వేళ: ఉదయం స్టడీ అవర్‌కు ముందు, పరగడుపున. భోజనం చేస్తే మూడు, నాలుగు గంటలు ఆగాలి.

చోటు: ట్రంకు పెట్టెలు, బెంచీలు కనీసం రెండు బారల దూరం జరపాలి. నున్నటి బండల మీద జంపఖానా జారుతుంది. దాని అంచు గోడకు ఆనేలా పరచాలి. వెలుతురు ఉన్నప్పుడే చేయాలి.

దుస్తులు: చున్నీ తీసేయాలి. కుర్తా అంచు ముడి వేసుకోవాలి లేదా ప్యాంటులోకి దోపుకోవాలి. కాళ్లు పైకి లేచినప్పుడు కుర్తా ముఖం మీద పడితే సగం భయం దాని వల్లే వేస్తుంది.

జుట్టు: క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, కొప్పు ఉండకూడదు. జడ మెడ దగ్గర వదులుగా వేసుకుని పక్కకు తీసుకోవాలి. కళ్లద్దాలు, చెవి దిద్దులు తీసి పెట్టెలో పెట్టాలి.

ఆరు మెట్లు

ఒక్కో మెట్టు మీద కనీసం రెండు వారాలు ఉండండి. ప్రతి మెట్టులోనూ ఎక్కే పద్ధతితో పాటు దిగే పద్ధతి రాశాం. దిగే పద్ధతిని ముందు చదవండి.

మొదటి మెట్టు – గోడకు కాళ్లు (విపరీతకరణి తేలిక రూపం): గోడకు పక్కగా, తుంటి ఆనేలా కూర్చోవాలి. వెనక్కు వాలుతూ కాళ్లు గోడ మీదికి తిప్పాలి. తుంటి కింద మడిచిన దుప్పటి పెట్టుకోవాలి. మూడు నుంచి అయిదు నిమిషాలు మామూలుగా ఊపిరి తీసుకోవాలి. దిగడం: మోకాళ్లు మడిచి, కుడి పక్కకు దొర్లి, పది లెక్కపెట్టి, చేతులు ఆనించి లేవాలి.

రెండవ మెట్టు – అధోముఖ శ్వానాసనం: అరచేతులు, పాదాలు నేల మీద ఉంచి తుంటి పైకి ఎత్తాలి. వీపు నిటారుగా ఉండటం ముఖ్యం. మోకాళ్లు కొంచెం వంగినా ఫరవాలేదు. తల వదులుగా వేలాడాలి. అయిదు ఊపిర్లు. దిగడం: మోకాళ్లు నేలకు ఆనించి, మడమల మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించాలి. దీన్ని శిశు ఆసనం అంటారు. ఇక మీదట ప్రతి మెట్టు తర్వాత మనం విశ్రాంతి తీసుకునే ఇల్లు ఇదే.

మూడవ మెట్టు – సేతుబంధం నుంచి సర్వాంగాసనం: మొదటి వారం సేతుబంధాసనం మాత్రమే. రెండో వారం మూడు దుప్పట్లు గట్టిగా మడిచి భుజాల కింద పెట్టుకోవాలి. తల మాత్రం దుప్పటి దాటి నేల మీద ఉండాలి. అప్పుడు మెడ నలగదు. పాదాలు గోడకు ఆనించి, నడుముకు చేతులు ఆసరా ఇచ్చి పైకి లేవాలి. ఆసనంలో ఉండగా తల పక్కకు తిప్పకూడదు, ఎవరు పిలిచినా సరే. దిగడం: మోకాళ్లు మడిచి, చేతుల ఆసరా తీయకుండా, వెన్నుపూసలు ఒక్కొక్కటే నేలకు ఆనేలా నెమ్మదిగా దిగాలి. దభీమని పడకూడదు.

నాలుగవ మెట్టు – ముంజేతుల బలం: మోకాళ్ల మీద వంగి ముంజేతులు నేలకు ఆనించాలి. మోచేతుల మధ్య దూరం భుజాలంత. వేళ్లు పెనవేసి తుంటి పైకి ఎత్తాలి. తల నేలకు తగలకుండా గాలిలో ఉండాలి. మొదట పది లెక్కపెట్టేదాకా, తర్వాత ముప్పై, తర్వాత అరవై. ఈ మెట్టే అసలు పరీక్ష. తల నేలకు ఆనకుండా అరవై లెక్కపెట్టేదాకా నిలవలేనివారు శీర్షాసనానికి సిద్ధంగా లేరని మా మేడం నియమం. మాలో ఇద్దరికి ఈ ఒక్క మెట్టుకే రెండు నెలలు పట్టింది. దిగడం: మోకాళ్లు నేలకు, తర్వాత శిశు ఆసనం.

అయిదవ మెట్టు – పడటం నేర్చుకోవడం: దీన్ని ఎవరూ నేర్పరు. అందుకే అందరూ భయపడతారు. రెండు పరుపులు పరచుకుని, పి.ఇ.టి. మేడం ఉన్నప్పుడు, చిన్నప్పుడు గడ్డివాము మీద వేసిన పిల్లిమొగ్గను మళ్లీ నేర్చుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, భుజాల మీదుగా దొర్లాలి. బరువు నడినెత్తి మీద పడకూడదు. పెనవేసిన వేళ్లను వెంటనే విడదీయడం కూడా అలవాటు చేసుకోవాలి. పడటం అంటే ఏమిటో ఒంటికి తెలిశాక భయం సగం తగ్గుతుంది. మాకు తగ్గింది.

ఆరవ మెట్టు – గోడ దగ్గర శీర్షాసనం: వేలి కణుపులు గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉండేలా ముంజేతులు ఆనించాలి. నడినెత్తి నేలకు తేలిగ్గా ఆనాలి. తల వెనుక భాగం పెనవేసిన చేతుల్లో ఒదగాలి. ముంజేతులతో నేలను గట్టిగా నొక్కాలి. బరువు ముఖ్యంగా మోయాల్సింది అవే. పాదాలు నడుచుకుంటూ ముఖం వైపు తేవాలి. ఒక మోకాలు ఛాతీ వైపు మడవాలి, తర్వాత రెండోది. కాళ్లు ఎప్పుడూ విసరకూడదు. విసిరితేనే లేస్తున్నాయంటే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లాలని అర్థం. మోకాళ్లు మడిచి ఉండగానే మూడు ఊపిర్లు తీసుకుని దిగిపోండి. మొదటి రెండు వారాలు అంతే, కాళ్లు చాపనే వద్దు. తర్వాత నెమ్మదిగా చాపి మడమలు గోడకు ఆనించండి. మనలాంటి విద్యార్థినులకు ఒక నిమిషం చాలు.

దిగడం: ఎక్కిన దారిలోనే. మోకాళ్లు మడిచి, ఛాతీకి తెచ్చి, పాదాలు చప్పుడు లేకుండా నేలకు. తర్వాత శిశు ఆసనంలో ఒక నిమిషం. వెంటనే లేచి నిలబడకూడదు. దీనికి కారణం ఉంది. మెడలోని కెరోటిడ్ ధమని దగ్గర రక్తపోటును గమనించే గ్రాహకాలు ఉంటాయి. తలకిందులైనప్పుడు అక్కడ ఒత్తిడి పెరిగి, అవి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. మనం గభాల్న నిలబడితే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, గుండె వేగం ఇంకా సర్దుకోదు, కళ్లు తిరుగుతాయి.

మెడలో నొప్పి, చేతుల్లో తిమ్మిరి, కళ్ల ముందు చీకటి, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకు ఆపేయాలి. ఓర్చుకోవడం గొప్ప కాదు.

తోడు ఉండేవారి బాధ్యత

ఒంటరిగా నేర్చుకోవద్దు. తోడు ఉండే అమ్మాయి పక్కన నిలబడి తుంటి దగ్గర చేయి ఆసరాగా ఉంచాలి. మడమలు పట్టుకుని పైకి లాగకూడదు. నవ్వించకూడదు, పందెం కాయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వేసే అమ్మాయి రెండు పాదాలూ నేలకు ఆనేదాకా చేయి తీయకూడదు. ఆ రాత్రి చేయి వదిలేసిన మా స్నేహితురాలు ఈ వాక్యం తప్పకుండా రాయమంది.

భయం నోటుబుక్కు

డిగ్రీలో ఉన్నప్పుడు ఒక పాత రికార్డు పుస్తకంలో వెనుక పేజీలు మిగిలాయి. అందులో గీతలు గీసి తేదీ, ఆసనం, ఎన్ని ఊపిర్లు, భయం పదికి ఎంత అని రాసుకునేవాళ్లం. మెడ బెణికిన మా స్నేహితురాలు మొదటి రోజు గోడకు కాళ్లు పెట్టి పడుకున్నందుకే భయం 9 అని రాసింది. మేమెవరం నవ్వలేదు. రెండు నెలలకు అదే ఆసనానికి 1 వచ్చింది. ముంజేతుల మెట్టుకు వెళ్లగానే మళ్లీ 8. ఆమె ఏడుస్తూ ఒక మెట్టు వెనక్కు వెళ్లింది. రెండు వారాలు అక్కడే ఉండి మళ్లీ వచ్చింది.

ఏడు నెలల తర్వాత ఒక ఉదయం ఆమె గోడ దగ్గర మోకాళ్లు మడిచి మూడు ఊపిర్లు నిలిచింది. దిగి, శిశు ఆసనంలో నిమిషం ఉండి, లేచి మా వైపు చూసి "మళ్లీ ఒకసారి వేస్తా" అన్నది. ఆ రోజు ఆమె పుస్తకంలో రాసిన అంకె 4. సున్నా కాదు. భయం మొత్తం పోవాల్సిన అవసరం లేదని, మనం చెప్పిన మాట వినేంతగా తగ్గితే చాలని ఆ అంకె మాకు నేర్పింది.

చెల్లెళ్లారా, ఈ పుస్తకం మాకు యోగాలోనే కాదు, చదువులోనూ పనికొచ్చింది. పి.జి.లో చేరిన మొదటి రోజుల్లో క్లాసంతా ఇంగ్లీషులో సాగుతుంటే మాకు అచ్చం తలకిందులైనట్టే ఉండేది. చెవి ఒకటి వింటుంది, మెదడుకు ఒకటి అందుతుంది, కాళ్ల కింద నేల లేదు. ఇంటికి ఫోన్ చేసి అడుగుదామంటే మా ఇళ్లలో ఆ దారిలో నడిచినవారు లేరు. మొదటి సెమిస్టర్‌లో మాలో ఇద్దరికి సబ్జెక్టులు పోయాయి. ఒకామె బట్టలు సర్దుకుని ఊరెళ్లిపోతానంది. అప్పుడు మెడ బెణికిన స్నేహితురాలే ఆ పాత రికార్డు పుస్తకం తీసి, తాను వెనక్కు వెళ్లిన రోజుల పేజీ చూపించింది. "ఒక మెట్టు దిగినం, అంతే. మొత్తం దిగిపోలేదు" అన్నది. సప్లిమెంటరీ రాశారు, పాసయ్యారు. నేడు నలుగురమూ పి.జి. పట్టా చేతబట్టుకున్నాం.

ముగింపు

మొదటి తరం చదువుకునే మనకు ఎక్కాలనే తొందర ఎక్కువ. ఇంట్లో అందరి ఆశా మన మీదే ఉంటుంది. పడితే అమ్మ కూలి పోతుందని మేము కళ్లారా చూశాం. అందుకే చెబుతున్నాం. ఎక్కండి, తప్పకుండా ఎక్కండి. కానీ దిగే దారి చూసుకుని, తోడు పెట్టుకుని, గోడ దగ్గరగా ఎక్కండి.

ఈ ఏడాది ప్రదర్శనకు మాదొక మనవి. శీర్షాసనం ఒక్కటే కాకుండా ఆరు మెట్లనూ వేదిక మీద చూపించండి. అయిదో తరగతి చిట్టి చెల్లెళ్లు గోడకు కాళ్లు పెట్టి పడుకోవడంతో మొదలుపెట్టండి. సిద్ధంగా లేని అమ్మాయిని వరుస నింపడానికి ఆరో మెట్టు మీద నిలబెట్టకండి. కింద కూర్చున్న అమ్మానాన్నలకు, అక్కలకు ముందే ఒక మాట చెప్పండి: కాళ్లు పైకి లేచినప్పుడు చప్పట్లు కొట్టవద్దని, అమ్మాయి నెమ్మదిగా దిగి రెండు పాదాలూ నేలకు ఆనించినప్పుడు కొట్టమని.

మేము నలుగురం ముందు వరుసలోనే కూర్చుంటాం.

ఆశీస్సులతో,
రూం నంబరు 4 తరఫున
మీ అక్క, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం), పూర్వ విద్యార్థిని